ఇంటి స్టోరేజ్ సర్వర్‌కి ర్యాక్ ఛాసిస్: ఎత్తు కాదు, లోతు చూసి కొనండి

ర్యాక్ ఛాసిస్ (ర్యాక్‌లో బిగించే సర్వర్ డబ్బా) అనగానే అందరూ ముందు అడిగేది "ఎన్ని యు?" అనే. 1యు అంటే 44.45 మి.మీ. ఎత్తు. ఎత్తు తగ్గితే బాక్స్ చిన్నదైనట్టేనని లెక్క. కానీ ఇంటి ర్యాకుల్లో ఎత్తుకి కరువుండదు, కరువంతా లోతుకే. 12యు క్యాబినెట్‌లో రూటర్, స్విచ్, ప్యాచ్ ప్యానెల్ బిగించాక కూడా సగానికి పైగా ఖాళీగానే ఉంటుంది. అదే క్యాబినెట్ మీద లోతు 600 మి.మీ. అని రాసి ఉన్నా, ముందు తలుపుకీ వెనక పవర్ కార్డు మలుపుకీ పోగా ఛాసిస్‌కి 450–480 మిగిలితే గొప్ప. డేటా సెంటర్ల నుంచి పాతవిగా బయటికొచ్చే సూపర్‌మైక్రో 826 రకం 2యులో 12 డిస్కులతో ఊరిస్తుంది గానీ, దాని లోతు 647 మి.మీ. తలుపు ఊడదీసినా ఆ క్యాబినెట్‌లో పట్టదు.

కాబట్టి పోటీ రెండింటి మధ్యే: ఎనిమిది డిస్కుల 2యు, ఎనిమిది డిస్కుల, లోతు తక్కువ 4యు. 1యు ఊసు వద్దు. నాలుగు డిస్కులకి మించవు, 40 మి.మీ. ఫ్యాన్ల కీచు పక్క గదిలోకీ వినిపిస్తుంది.

2యు సంగతి కొలతల్లోనే తేలిపోతుంది. 3.5 అంగుళాల డిస్కు వెడల్పు 101.6, పొడవు 147, మందం 26.1 మి.మీ. అడ్డంగా నాలుగు, రెండు వరసలు. ట్రే, బ్యాక్‌ప్లేన్ (డిస్కులు వెనక గుచ్చుకునే సర్క్యూట్ పలక), దాని కేబుళ్ల మలుపు కలిపితే ముందు భాగమే 200 తినేస్తుంది. ఫ్యాన్ల వరసకి ఇంకో 40. మైక్రో ఏటీఎక్స్ సైజు మదర్‌బోర్డు 244. అన్నీ కూడితే 484, అంటే పైన చెప్పిన క్యాబినెట్‌లో పట్టడం కష్టమే. 170 మి.మీ. మినీ ఐటీఎక్స్ బోర్డు అయితే 410కి దిగుతుంది. కాబట్టి 2యు తీసుకుంటే బోర్డు ఏదో ముందే తేల్చుకోవాలి. మూడు వరసల 12 డిస్కుల రకం జోలికి మాత్రం పోకండి: డిస్కుల మధ్య సందు మిగలదు, గాలి లాగాలంటే మందపాటి 80 మి.మీ. ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరగాల్సిందే.

మిగతా భాగాల్లోనూ 2యు చెయ్యి కట్టేస్తుంది. మామూలు ఏటీఎక్స్ పవర్ సప్లై ఎత్తు 86 మి.మీ., ఛాసిస్ బయటి కొలతే 88.9. ఎలాగో ఇరికించినా మూత అడ్డొచ్చి దాని ఫ్యాన్‌కి గాలి అందదు. కాబట్టి ఫ్లెక్స్ ఏటీఎక్స్ లాంటి చిన్న రకమే గతి, వాటి చిన్న ఫ్యాన్లది మళ్లీ అదే కీచు. కార్డులు పొట్టి బ్రాకెట్‌వే పట్టాలి. సీపీయూ కూలర్ 65 మి.మీ. దాటకూడదు.

4యులో ఈ ఇబ్బందులు చాలావరకు పోతాయి. 120 మి.మీ. ఫ్యాన్లు నెమ్మదిగా తిరుగుతూనే సరిపడా గాలినిస్తాయి, ఏటీఎక్స్ సప్లై పడుతుంది, పూర్తి ఎత్తు కార్డు నిలబడుతుంది. కూలర్ విషయంలో మాత్రం తొందరపడొద్దు. 125 మి.మీ. ఎత్తు నాక్టువా ఎన్‌హెచ్-యు9ఎస్ కూలర్ చాలా 4యు ఛాసిస్‌లలో పడుతుంది, 158 మి.మీ. యు12ఎస్ పట్టదు. ఇంకో మెలిక: లోతు తగ్గించడానికి కొన్ని మోడళ్లు డిస్కుల కేజ్‌ని (డిస్కులు బిగించే చట్రం) బోర్డు మీదికి జరుపుతాయి. అప్పుడు మూత దాకా ఉన్న ఎత్తు కాదు, కేజ్ కింద మిగిలిన ఎత్తే లెక్క. స్పెసిఫికేషన్లలో ఆ సంఖ్య లేకపోతే డ్రాయింగ్ తెప్పించుకుని చూడండి.

ఏ ఛాసిస్ అయినా ఎక్కువమంది దెబ్బతినేది బ్యాక్‌ప్లేన్ దగ్గర. బ్యాక్‌ప్లేన్‌కి ఎస్‌ఎఫ్‌ఎఫ్-8087 సాకెట్ (నాలుగు డిస్కులకి ఒకటే), మదర్‌బోర్డుకి డిస్కుకొకటి చొప్పున సాటా పోర్టులు ఉంటే కావలసింది బోర్డు నుంచి బ్యాక్‌ప్లేన్ దిశగా పనిచేసే రివర్స్ బ్రేకౌట్ కేబుల్. చూడ్డానికి అచ్చం అలాగే ఉండి, ఎదురు దిశకి చేసిన ఫార్వర్డ్ కేబుల్ పెడితే ఒక్క డిస్కూ కనబడదు, బ్యాక్‌ప్లేన్ పోయిందనుకుని వెనక్కి పంపేస్తుంటారు. హెచ్‌బీఏ కార్డు (డిస్కులు కలపడానికి బోర్డులో గుచ్చే అదనపు కార్డు) వాడితే ఈ బాధ లేదు, సాకెట్ మాత్రం సరిచూసుకోవాలి: ఎల్‌ఎస్‌ఐ 9211-8ఐ కి 8087, 9300-8ఐ కి 8643. ఈ కార్డుల హీట్‌సింక్ సర్వర్ గాలిని నమ్ముకుని చేసినది. నిశ్శబ్దంగా పెట్టుకున్న 4యులో చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. దాని మీదికి చిన్న ఫ్యాన్ తిప్పండి.

కరెంటు లెక్క కూడా వేసుకోవాలి. తిరగడం మొదలెట్టేటప్పుడు ఒక్కో డిస్కు 12 వోల్టుల దగ్గర దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. ఎనిమిదీ ఒకేసారి లేస్తే 16 ఆంపియర్లు, 190 వాట్ల పైమాటే. చిన్న సప్లై ఇక్కడే చేతులెత్తేస్తుంది. బ్యాక్‌ప్లేన్‌కి రెండు మోలెక్స్ (నాలుగు పిన్నుల పాతరకం పవర్) సాకెట్లుంటే రెండింటికీ సప్లై నుంచి వేర్వేరు తీగలు ఇవ్వండి, ఒకే తీగని చీల్చి సర్దొద్దు. మోలెక్స్‌తో ఇంకో లాభం, అందులో 3.3 వోల్టుల తీగే ఉండదు. బయటి యూఎస్‌బీ డబ్బాల్లోంచి తీసిన కొన్ని డిస్కులు సాటా పవర్ కనెక్టర్ మూడో పిన్‌కి 3.3 వోల్టులు తగిలితే లేవనే లేవవు.

హాట్-స్వాప్ (సర్వర్ ఆపకుండానే డిస్కు మార్చే వీలు) అక్కర్లేదనుకుని స్క్రూలతో బిగించే కేజ్ కొంటే డబ్బు మిగులుతుంది, దుమ్ము దులపడమూ తేలికే. అయితే ఎక్కువ కెపాసిటీ డిస్కులు చాలావాటికి పక్కల మధ్య స్క్రూ రంధ్రం ఉండదు. ఆ రంధ్రం మీదే ఆధారపడిన పాత కేజ్‌లలో డిస్కు ఒక స్క్రూతోనే వేలాడి కదులుతుంది. హాట్-స్వాప్ అయితే ఖాళీ బేలను ట్రేలతోనో అట్టముక్కతోనో మూసేయండి. లేదంటే గాలి ఆ ఖాళీల్లోంచే పోయి, డిస్కుల మీదుగా పోదు.

నాలుగైదు డిస్కులు, మినీ ఐటీఎక్స్ బోర్డు, స్టోర్‌రూమ్‌లో ర్యాక్ అయితే 2యు సరిపోతుంది. మనుషులు కూర్చునే గదిలోనో, డిస్కులు ఎనిమిదికి చేరతాయనో అయితే 450 లోపు లోతున్న 4యునే తీసుకోండి. బిగించేటప్పుడు చెవుల (ఛాసిస్ ముందు రెండు పక్కలా ఉండే బిగింపు రేకులు) మీదే బరువంతా వేయకండి, డిస్కులే ఐదారు కిలోలు. ఛాసిస్ కింద రెండు పక్కలా ఎల్ ఆకారపు పట్టాలు వేసి, చెవుల స్క్రూలను ఛాసిస్ ముందుకి జారకుండా పట్టుకోవడానికే వాడండి. జారే రైళ్లు కావాలంటే ఆ మోడల్‌కే చేసినవి కొనాలి. వేరేవి పెడితే ఛాసిస్ పక్కల రంధ్రాలు కలవవు, కలిసినా వెనక స్తంభం దాకా పొడవు చాలదు.