రెండు కప్పుల కాఫీకి ఆరు కప్పుల ఫిల్టరు ఎందుకు పనికిరాదంటే

డికాషన్ తీయడానికి మా ఇంట్లో ఏళ్ల తరబడి వాడకంలో ఉన్నవి నాలుగు: చిన్న స్టీలు ఫిల్టరు, పెద్ద స్టీలు ఫిల్టరు, ఇత్తడి ఫిల్టరు, పొయ్యి మీద ఆవిరి ఒత్తిడితో కాఫీ తీసే అల్యూమినియం మోకా పాట్. పొడిని నీళ్లలో నానబెట్టి జల్లెడతో కిందికి నొక్కే ఫ్రెంచ్ ప్రెస్ కూడా ఉంది గానీ దాని పని వేరు. పాల కాఫీకి రోజూ చేయి వెళ్లేది అన్నిటికన్నా చవకైన చిన్న స్టీలు ఫిల్టరు మీదకే. అందుకు కారణం లోహం కాదు, వెడల్పు.

20 గ్రాముల పొడి, అంటే గోపురంగా తీసిన ఐదు టీస్పూన్లకు కాస్త అటూ ఇటూ, 6 సెంటీమీటర్ల వెడల్పున్న పై గిన్నెలో దాదాపు 2 సెంటీమీటర్ల మందాన కూర్చుంటుంది. అదే పొడి 9 సెంటీమీటర్ల గిన్నెలో సెంటీమీటరు కూడా లేవదు. అంత పల్చటి పొరలోంచి నీళ్లు గబగబా దిగిపోతాయి. కింద పడేదానికి రంగుంటుంది, బలం ఉండదు. చుట్టాలొస్తే పనికొస్తుందని పెద్దది కొంటాం. చుట్టాలు వచ్చేది ఏడాదికి నాలుగుసార్లు, నీళ్ల డికాషన్ మాత్రం రోజూ.

రెండు చిన్న గ్లాసులకు కొలత ఇది. పై గిన్నె పొడిగా ఉండాలి, తడి ఉంటే పొడి చిల్లులకు అంటుకుని మూసేస్తుంది. 20 గ్రాములు వేసి, గిన్నెను పక్కనుంచి రెండుసార్లు తట్టి సమం చేయాలి. కాడ ఉన్న చిల్లుల బిళ్లను పొడి మీద ఆనించాలి, అంతే; అదిమితే పొడి అచ్చుకడుతుంది. నీళ్లు తెర్లాక పొయ్యి కట్టేసి అర నిమిషం ఆగి, ముందు 30 మిల్లీలీటర్లు బిళ్ల మీద చుట్టూ పోయాలి. పొడి ఉబ్బుతుంది. నిమిషం తర్వాత ఇంకో 90 పోసి మూత పెట్టాలి. పొడి తన బరువుకు రెండింతల నీళ్లు తాగేస్తుంది కాబట్టి దిగేది 75–80 మిల్లీలీటర్లే. చికోరీ ఉన్న పొడికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. పది నిమిషాల్లోపే అంతా దిగిపోయిందంటే పొడి ముతకగా ఉంది, లేదా బిళ్ల పెట్టడం మరిచారు.

దిగకపోవడమే ఎక్కువమందిని ఏడిపించేది. చుక్క పడకపోతే వెంటనే పొడిని తిట్టకండి. పై గిన్నె కింది గిన్నె అంచులో తడితో బిగుసుకుంటే లోపలి గాలికి బయటికి దారి ఉండదు, ఆ గాలే డికాషన్‌ను దిగనివ్వదు. పై గిన్నెను ఒక్క అర అంగుళం ఎత్తి మళ్లీ వదలండి, చాలాసార్లు అక్కడితో సరి. అప్పటికీ దిగకపోతే పొడి మరీ మెత్తన. ఫిల్టరుకు పొడి మెత్తటి ఉప్పులా వేళ్ల మధ్య గరగరలాడాలి. పసుపులా అంటుకుంటే ఆ ఫిల్టరు మధ్యాహ్నానికి గానీ దిగదు. స్పూనుతో కలిపితే దిగుతుంది, కానీ నుసి కూడా దిగుతుంది.

పొడి విషయంలో రుచులు నిజంగా విడిపోయేది చికోరీ దగ్గర. చికోరీ గింజ కాదు, వేరు. కెఫీన్ ఉండదు. కాఫీ కన్నా ఎక్కువగా నీళ్లలో కరుగుతుంది, అందుకే చిక్కదనం, నల్లదనం దానివి. వాసన మాత్రం కాఫీది. కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ప్రకారం చికోరీ 49 శాతం దాటకూడదు, ఆ పాళ్లు ప్యాకెట్ మీద ఉండాలి. కొనేముందు అది చదవండి. మా కొలత 80:20, అంటే కాఫీ 80, చికోరీ 20. 70:30 కూడా బాగుంటుంది, చిక్కటి గేదె పాలు వాడేవాళ్లకు అదే నప్పుతుంది. 60:40 దాటితే డికాషన్ తీగలా సాగుతుంది, గొంతులో మాడిన బెల్లం రుచి మిగులుతుంది. గింజల్లో పీబెర్రీ (కాయలో ఒంటరిగా పెరిగే గుండ్రటి గింజ), ‘ప్లాంటేషన్-ఏ’ (కడిగి ఆరబెట్టిన పెద్ద అరబికా గింజ) సగం సగం వేయించి పట్టించుకుంటే వాసన బాగుంటుంది. పాలల్లో బలం నిలవాలంటే అందులో నాలుగో వంతు రోబస్టా అనే ఘాటు రకం గింజ కలపమనండి. రోబస్టాలో కెఫీన్ అరబికాకు దాదాపు రెండింతలు, రాత్రి కాఫీ తాగేవాళ్లు గమనించాలి. పొడి 200 గ్రాములకు మించి కొనొద్దు. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే మూత తెరిస్తే చెమ్మ పడుతుంది, గాలి చొరని డబ్బాలో బయట ఉంచడమే మేలు.

గ్లాసుకు 35–40 మిల్లీలీటర్ల డికాషన్, 110 పాలు. డికాషన్‌ను పొయ్యి మీద పెట్టొద్దు, చేదెక్కుతుంది. చల్లారిపోతే ఆ గిన్నెను వేడినీళ్లలో ఉంచండి. పాలు ఒక్క పొంగు వచ్చాక దించి పోయాలి. పదే పదే మరిగిన పాలతో కాఫీకి కోవా వాసన వస్తుంది. బెల్లం వేసేవాళ్లు పాలతో కలిపి మరిగించకుండా గ్లాసులో కలుపుకోండి, లేకపోతే విరుగుతాయి. రెండో డికాషన్‌కు 60 మిల్లీలీటర్లకు మించి పోయకండి, దాన్ని మొదటిదానితో కలిపి వాడండి, విడిగా తాగదగ్గది కాదు.

ఇత్తడి ఫిల్టరు చూడముచ్చటగా ఉంటుంది. అదే పొడి, అదే కొలతతో పక్కపక్కన పెట్టి తాగితే రుచిలో తేడా నాకు దొరకలేదు. పని మాత్రం పెరుగుతుంది: లోపల కళాయి (తగరం పూత) ఉండాలి, అది అరిగి పసుపు రంగు కనబడితే మళ్లీ వేయించాలి, లేకపోతే చిలుము పడుతుంది. తోమేటప్పుడు చింతపండు బయటికే, లోపల స్టీలు పీచు తగలనివ్వొద్దు.

మోకా పాట్ ఇటలీది, 1933 నాటి సరుకు. తొందర ఉన్న పొద్దుటికి మంచిది, ఐదారు నిమిషాల్లో అయిపోతుంది. అడుగు గిన్నెలో వాల్వు కిందివరకే నీళ్లు, అవీ వేడివి. బుట్ట నిండా పొడి, అదమకుండా. సన్న మంట. గురగుర మొదలవగానే దించేయాలి, ఆగితే మాడిన చేదు. చికోరీ ఎక్కువున్న పొడి ఇందులో వేయకండి: బుట్టలో జిగటగా బిగిసి, పాట్ రెండు భాగాలు బిగించే మర దగ్గర ఆవిరి చిమ్ముతుంది. మన గ్యాస్ స్టవ్ కమ్మీల మీద చిన్న పాట్ నిలవదు, పైన పెట్టే చిన్న స్టాండు కొనాల్సిందే. అల్యూమినియంది ఇండక్షన్ మీద పనిచేయదు. రబ్బరు వాషరు గట్టిపడితే మార్చాలి. దీని డికాషన్ ఘాటుగా ఉంటుంది, ఫిల్టరుదానంత నున్నగా గొంతు దిగదు.

ఫ్రెంచ్ ప్రెస్‌ను పాలు లేకుండా తాగేవాళ్లకే సిఫారసు చేస్తాను. 15 గ్రాముల పొడి బొంబాయి రవ్వంత ముతకగా, 230 మిల్లీలీటర్ల నీళ్లు, 4 నిమిషాలు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికాను మధ్యస్థంగా వేయించింది ఇందులో వేస్తే ఆ సన్నటి పులుపు, పండు వాసన తెలుస్తాయి. అదే పొడిని గేదె పాలల్లో పోస్తే పెట్టిన డబ్బు పాలపాలు.

బోరు నీళ్లు గట్టివైతే కాఫీ చప్పబడుతుంది, చిల్లులకు సున్నం పడుతుంది. సున్నానికి నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన వేడినీళ్లలో అరగంట నానబెట్టడం చాలు. నుసితో మూసుకుపోతే, స్టీలుదైతే, పై గిన్నె అడుగును పట్టకారుతో పట్టుకుని మంట మీద నిమిషం కాల్చి, చల్లారాక బ్రష్‌తో రుద్దండి. ఇత్తడిదాన్ని ఇలా కాలిస్తే కళాయి కరిగిపోతుంది.

కొట్లో కొనేటప్పుడు పై గిన్నెను వెలుతురుకు ఎత్తి చూడండి. చిల్లులు గుండుసూది మొనంత సన్నగా, అంచు దాకా సమంగా ఉండాలి. కొన్నిటికి నడిమధ్యనే పొడిచి వదిలేస్తారు. బిళ్లను లోపల వేసి తిప్పి చూడండి. గోడలకు రాసుకుంటే వాడేటప్పుడు ఇరుక్కుంటుంది, మరీ వదులైతే చుట్టూ ఉన్న పొడి నీళ్లలోకి లేచిపోతుంది.