శ్రీకాకుళం జిల్లా ఉచిత న్యాయసేవ: 5కి 3.5

మఫ్టీలో వచ్చి మనిషిని జీపెక్కించుకుపోయి, స్టేషన్‌లో అడిగితే ‘మా దగ్గర లేడు’ అన్నారా? న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేదు, లాయరు ఉచితం.

అర్జీలో తేదీ, గంట, చోటు, బండి నంబరు, చూసినవాళ్ల పేర్లు రాయాలి. ‘మొన్న రాత్రి’ అంటే చాలదు. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలన్న లెక్క ఆ గంట నుంచే కదా! ఎస్పీకి వెంటనే ఈమెయిల్ కొట్టండి. పూర్వం టెలిగ్రాం రసీదే సాక్ష్యం, 2013లో అదీ పోయింది.

లోటల్లా దూరమే. హెబియస్ కార్పస్ (పట్టుకుపోయిన మనిషిని కోర్టు ముందు పెట్టమనే పిటిషన్) వేయాలంటే అమరావతి హైకోర్టుకు పోవాలి. ఆలోగా కాగితాల్లో అరెస్టు తేదీ మారిపోతుంది. అందుకే ఇక్కడి మేజిస్ట్రేట్ దగ్గరే బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 100వ సెక్షన్ కింద, అక్రమంగా నిర్బంధించిన మనిషిని వెతికే సోదా వారంటు అడగమని లాయరుకు చెప్పండి.