విజయవాడ వన్‌టౌన్‌లో బోర్డు లేని బైండింగ్ కొట్టు: వరదలో నానిన బైబిల్‌కి

అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఆ ఒక్కటీ ఎందుకు కోశానో చివర్లో చెప్తాను.

కొట్టుకి పేరు లేదు. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర సందులో, గుమ్మం ముందు అట్టలు నిలబెట్టి ఉంటాయి, అదే గుర్తు. లోపల ఒక పెద్దాయన, ఆయన అల్లుడు. పెద్దాయన్ని అందరూ భాయ్ అంటారు. చేసేదంతా ఖాతా పుస్తకాలు, స్కూలు రిజిస్టర్లే. బైబిళ్లు కూడా వస్తాయట, ఎక్కువగా క్రిస్మస్ ముందు.

మాది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1 ఆదివారం. నెల మొదటి ఆదివారం కదా, చర్చిలో ప్రభు భోజనం ఉంటుందని ముందురోజే తెల్లచీర ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను. ఆ చీర కట్టనే లేదు. బుడమేరు వాగు వాకిట్లోకొచ్చి, చూస్తుండగానే మంచం కోళ్లు ముంచేసింది. పక్కవాళ్ల మేడ మీదకి పరుగెత్తాం. తిరిగి ఇంట్లో అడుగుపెట్టేసరికి ఎనిమిది రోజులు. కుట్టు మిషను మోటారు పోయింది, కుట్టడానికిచ్చిన జాకెట్లన్నీ బురద రంగుకొచ్చాయి, మిషను సొరుగులో మా అత్తయ్య బైబిల్ తడిసిన రొట్టెలా ఉబ్బి ఉంది.

కొత్తది కొనుక్కోవచ్చుగా అన్నారు అందరూ. నిజమే, బైండింగుకి నేనిచ్చిన 700తో కొత్తదే వచ్చేది. ఫోన్లో అయితే ఊరికే వస్తుంది. కానీ ఫోన్లో అత్తయ్య రాతలు రావు.

అత్తయ్య గుంటూరు వైపు లూథరన్ ఇంటి పిల్ల. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరొచ్చిన సంగతి నిన్న మొన్న జరిగినట్టు చెప్పేది. చదువు అయిదో తరగతి. కానీ వాక్యం చెప్పడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. ‘యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు’ అని మా పిల్లలకి నేర్పుతూ, లేమి అంటే ఏంటి నానమ్మా అని వాళ్లడిగితే, బియ్యం డబ్బా తెచ్చి అడుగు చూపించింది. ఇదిగో, ఇది కనపడటమే లేమి అని. ఆ నెల మా ఇంట్లో నిజంగానే అడుగు కనపడుతోంది. అయినా చూపించింది.

ఆవిడ రాతలన్నీ పెన్సిలుతో, పేజీ అంచున. మత్తయి 6:34, ‘ఏనాటికీడు ఆనాటికి చాలును’ పక్కన నాలుగు తేదీలున్నాయి. ఒకదాని ఎదురుగా ‘చీటీ ఆవిడ ఊరొదిలిపోయింది’. ఇంకోదాని ఎదురుగా ‘మళ్లీ అప్పు’. నాలుగూ కష్టాలే, ఒక్కదాని కింద కూడా తీరింది అని రాయలేదు. చర్చిలో సాక్ష్యం అంటే గండం గడిచాక మైకులో చెప్పేదే అనుకునేదాన్ని. ఆవిడ మాత్రం గండంలో ఉన్న రోజునే తేదీ వేసుకుంది.

పుస్తకం ఆరబెట్టడంలో నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. ఎండలో పెట్టాను. బైబిల్ కాగితం ఉల్లిపొర లాంటిది కదా, అలలు తేలింది. భాయ్ చూసి, ‘అప్పడం అనుకున్నావా అమ్మా?’ అన్నాడు. నీడన, ఫ్యాను కింద, నాలుగైదు పేజీలకొక న్యూస్‌పేపరు ముక్క పెట్టి, ముక్కలు మారుస్తూ ఉండాలట. అంటుకున్న పేజీల్ని లాగకూడదు. యిర్మీయా సగం అంటుకుపోయింది. ఎక్కువ తెరవని లేవీయకాండం మాత్రం కొత్తదానిలా ఉంది, సిగ్గేసింది. మా అబ్బాయి జెల్ పెన్నుతో గీసుకున్న గీతలన్నీ నీలం మరకలైపోయాయి. పెన్సిలు రాతలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

ఇక కుట్టు సంగతి. ఇరవై ఏళ్లుగా మిషను తొక్కుతున్నాను, కుట్టు చూస్తే చెప్పగలను. అంతకుముందు అడిగిన ఇంకో చోట, మొత్తం పుస్తకానికి పక్కనుంచి కన్నాలేసి ఒకటే కుట్టు వేసేస్తామన్నారు. అలా వేస్తే లోపలి అంచు కుట్టులోకి పోతుంది, పుస్తకం బల్ల మీద పరిచినట్టు తెరుచుకోదు, చేత్తో నొక్కి పట్టుకోవాలి. భాయ్ అలా చెయ్యలేదు. పాత వెన్ను విప్పి, ఫారాలు (కొన్ని కాగితాలు కలిపి మడిచిన కట్టలు) విడదీసి, ఒక్కో ఫారం మడత మధ్యలోంచి సూది దింపి, దారాన్ని పక్క ఫారంలోకి మెలిపెట్టి కట్టాడు. దారానికి ముందు మైనం రాశాడు. ఎందుకంటే, మైనం లేకపోతే దారమే బ్లేడులా కాగితాన్ని కోస్తుందన్నాడు. మైదా జిగురులో మైలుతుత్తం కలిపాడు, పురుగు పట్టకుండా. నేను స్టూలు మీద కూర్చుని గంటసేపు చూశాను. ఆ చేతులు నా దగ్గర జాకెట్లు కుట్టడానికొస్తే రేపే పనిలో పెట్టుకుంటాను.

ఇప్పుడు ఎక్కడ తెరిస్తే అక్కడ ఉంటుంది. కీర్తన 119, మొత్తం 176 వచనాలు, చెయ్యి పెట్టకుండా చదువుకోవచ్చు.

లోపాలు. పది రోజులన్నాడు, మూడు వారాలు పట్టింది. వెన్ను మీద బంగారు అక్షరాలు బయటెక్కడో వేయించాడు, ‘పరిశుద్ధ గ్రంధము’ అని పడింది. థ బదులు ధ. మళ్లీ వేయిస్తానన్నాడు, ఇంకో మూడు వారాలు ఎందుకని నేనే వద్దన్నాను. అసలు బాధ ఇదీ: అంచులు కోయొద్దని రెండుసార్లు చెప్పాను. కాగితం ఉబ్బింది కాబట్టి కొంచెం సరిచేయాల్సొచ్చిందన్నాడు అల్లుడు. కీర్తన 121 పక్కన ‘పెద్దాడు, కువైట్’ అని ఉండేది, ఇప్పుడు ‘పెద్దాడు, కువై’ అని ఉంది. ఆ పెద్దాడికే, అంటే మా బావగారికి, ఫోన్లో ఫొటో పంపితే, ఇంకా దిగలేదన్నమాట అని నవ్వాడు. నాకు మాత్రం ఆ రోజంతా నవ్వు రాలేదు. ఒక స్టారు అక్కడ పోయింది.

తెచ్చుకున్నాక మొదట తెరిచింది విలాపవాక్యములు మూడో అధ్యాయం. వరద తీసిన మొదటి ఆదివారం మా చర్చి పాస్టరు అయ్యగారు చెప్పిన వాక్యం అది. చాపలు కొట్టుకుపోయాయి, బురద కడిగిన గచ్చు మీద కూర్చున్నాం. ‘మనము నిర్మూలము కాకున్నవారము’ అని చదివితే నాకు కోపమొచ్చింది, మిషను నిర్మూలమేగా అని. ఆయన మాత్రం ఒక సంగతి చెప్పారు. ఆ అధ్యాయం హెబ్రీలో అక్షరమాల వరసలో ఉంటుందట. మన అ ఆ ఇ ఈల్లాగా, ఒక్కో అక్షరానికి మూడేసి వచనాలు, 22 అక్షరాలకి 66. పట్నం కాలిపోయినవాడు ఏడుపుకి కూడా వరస పెట్టుకున్నాడు. ఆ ‘నిర్మూలము కాకున్నవారము’ అనే ఆశ మాట వచ్చేది 22వ వచనంలో. తర్వాత ఇంకా 44 వచనాలుంటాయి, వాటిల్లోనూ ఏడుస్తూనే ఉంటాడు.

ఆ వచనం పక్కన అత్తయ్య ఏమీ రాయలేదు, ఖాళీగా ఉంది. పెన్సిలుతో 1-9-24 వేశాను. అంచుకి దూరంగా, ఇంకెవరైనా కోసినా పోకుండా.

వెళ్లేవాళ్లకి: ఫారం కుట్టు కావాలని అడగండి, అంచు కోయొద్దని అట్ట మీదే రాసివ్వండి. శుక్రవారం మధ్యాహ్నం కొట్టు ఉండదు. ఫోన్‌పే లేదు, చిల్లర పట్టుకెళ్లండి.