ఆవేశమా, ఉద్వేగమా?

మనసు పొంగిన సందర్భం రాయాల్సి వచ్చినప్పుడల్లా ఈ రెండు మాటల దగ్గర కలం ఆగుతుంది. రెండూ సంస్కృతం నుంచి వచ్చినవే. కానీ ఒకదాని చోట మరొకటి పెడితే మనిషే మారిపోతాడు.

మూలం: ఆవేశం అంటే లోపలికి ప్రవేశించడం. దయ్యం ఆవేశించిందనడంలో ఆ పాత అర్థం ఇంకా ఉంది. ఉద్వేగం అంటే కలత. భగవద్గీత 17వ అధ్యాయంలోని ‘అనుద్వేగకరం వాక్యం’ ఎదుటివారిని కలవరపెట్టని మాట గురించే. ఇప్పుడు మాత్రం సంతోషం కూడా ఉద్వేగమే.

వాడుక: ఆవేశపడతాం, ఉద్వేగానికి లోనవుతాం. మొదటిది నోటికి తేలిక. “ఏమిటా ఆవేశం, కూర్చో” అని అమ్మ అంటుంది గానీ “ఏమిటా ఉద్వేగం” అనదు.

ముప్పు: ఇక్కడే జాగ్రత్త. నేర వార్తల్లో ‘క్షణికావేశం’ ఎంతగా అరిగిపోయిందంటే, ఆవేశం అనగానే విచక్షణ తప్పినట్టు ధ్వనిస్తుంది. పదవీ విరమణ సభలో మాస్టారు గొంతు పూడుకుపోయి మాట్లాడారనుకోండి. ‘ఉద్వేగంతో మాట్లాడారు’ అంటే కళ్లు చెమర్చాయని. ‘ఆవేశంతో మాట్లాడారు’ అంటే యాజమాన్యాన్ని దులిపేశారని! ఉద్వేగానికి ఉన్న చిక్కు వేరు: అవసరం ఉన్నా లేకున్నా ముందు ‘భావ’ తగిలించి దాన్ని పలచన చేశాం.

కోపం, ఉద్యమం, బల్ల గుద్దే ప్రసంగం అయితే ఆవేశం. వీడ్కోలు, ఏళ్ల తర్వాత కలిసిన స్నేహితులు అయితే ఉద్వేగం. సంగీతం మీదో ఆట మీదో ఏళ్లుగా తగ్గని ఇష్టమైతే రెండూ పనికిరావు. దానికి తపన ఉంది.