పిల్లలతో వేసవి క్యాంపింగ్: ‘అన్నీ కలిపే’ అన్నవాళ్ళకి అడ్వాన్సు పంపకండి

ముందు లెక్క చెప్పేస్తాను. ఇది రాయాలని కూర్చున్నదే ఆ లెక్క కోసం. బెంగళూరు దగ్గరి ఒక క్యాంపు వాళ్ళు ఫోన్లో పెద్దవాళ్ళకి మనిషికి 1,500, పిల్లలకి 750 అన్నారు. నేను, మా ఆయన, అత్తయ్య, ఇద్దరు పిల్లలు, వెరసి 6,000. ‘భోజనాలు, పడక, క్యాంప్‌ఫైర్, బోటింగ్ అన్నీ కలిపే మేడమ్’ అని రెండుసార్లు అడిగితే రెండుసార్లూ చెప్పారు. 3,000 అడ్వాన్సు యూపీఐలో పంపాం. అక్కడికి వెళ్ళాక చలిమంటకి కట్టెలు 500, చాపలూ స్లీపింగ్ బ్యాగులూ మనిషికి 100 చొప్పున 500, కయాక్‌కి (తెడ్డుతో నడిపే చిన్న పడవ) నలుగురికి 800, కారు పెట్టుకున్నందుకు 100. ఒక్క రాత్రికి 7,900 అయింది. ఆ కయాక్ మేం ఎక్కనే లేదు.

ఈ ప్రయాణం పెట్టుకున్నది పిల్లల కోసం. బెంగళూరు కేఆర్ పురంలో మాది మూడో అంతస్తు. ఏప్రిల్‌లో సెలవులిచ్చిన దగ్గర్నుంచీ పెద్దది (పదకొండేళ్ళు) ఒక గదిలో ఫోనుతో, చిన్నాడు (ఏడేళ్ళు) ఇంకో గదిలో టీవీతో. నడుద్దాం రండి అంటే ఇద్దరూ లేవరు. జియోక్యాషింగ్ గురించి పెద్దదాని స్నేహితురాలు చెప్పింది. ఎవరో ఒక డబ్బా దాచి, అది ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలు యాప్‌లో పెడతారు. మనం ఫోనులో జీపీఎస్ పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళాలి. దొరికితే లోపలున్న పుస్తకంలో పేరూ తేదీ రాసి, డబ్బాని ఎక్కడిది అక్కడే పెట్టి రావాలి. లోపలి వస్తువేదైనా తీసుకుంటే అంతకు తక్కువ కానిది ఇంకోటి పెట్టాలి. వెతకడం ఎంత కష్టమో, దారి ఎంత కష్టమో విడివిడిగా ఒకటి నుంచి ఐదు దాకా అంకెలిస్తారు. పిల్లలతో మొదలుపెట్టేవాళ్ళు రెండూ రెండుకి మించనివే చూసుకోండి. డబ్బా సైజు కూడా చూడండి. ‘మైక్రో’ అంటే బొటనవేలంత కూడా ఉండొచ్చు, చిన్నపిల్లలకి విసుగొస్తుంది.

క్యాంపుకి ముందు ఒక ఆదివారం పొద్దున్నే లాల్‌బాగ్‌లో అలవాటు చేశాం. అక్కడి బండ మూడు వందల కోట్ల ఏళ్ళ పైబడినది. జియలాజికల్ సర్వే వాళ్ళు దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు, పైన కెంపేగౌడ బురుజు. జియోక్యాషింగ్‌లో ఎర్త్‌క్యాష్ అని ఒక రకం ఉంది. దానికి డబ్బా ఉండదు. రాయినో మట్టినో దగ్గరగా చూసి, అడిగిన ప్రశ్నలకి జవాబులు పంపాలి. అదే పద్ధతిలో నేనూ పిల్లలకి ప్రశ్నలిచ్చాను: బండ మీద తెల్ల చారలు ఎన్ని వైపులకి పోతున్నాయి, ఏ చార ఏ చారని దాటి పోయింది? చిన్నాడు బోర్లా పడుకుని వేలితో చార వెంట పాకాడు. ఇంట్లో పది నిమిషాలు కుదురుగా కూర్చోని పిల్లాడు అక్కడ గంటసేపు ఉన్నాడు.

ఇంకో రోజు ఊళ్ళోనే ఒక చిన్న డబ్బా వెతికాం. మొదటిసారి దొరకలేదు. దొరకలేదని యాప్‌లో రాసిపెట్టడం మర్యాద, డబ్బా పోయిందేమో దాచినవాళ్ళు వచ్చి చూసుకుంటారు. రెండోసారి దొరికింది. ఎక్కడో చెప్పను, చెబితే తర్వాత వచ్చేవాళ్ళకి ఆట పాడవుతుంది. మేం వంగి వెతుకుతుంటే అక్కడి వాచ్‌మన్ వచ్చి ఏం పోయిందమ్మా అని అడిగాడు. ఫోను చూపించి ఉన్నదున్నట్టు చెప్పాం. మన ఊళ్ళలో బెంచీల కింద చేతులు పెట్టి తడుముతుంటే ఎవరికైనా అనుమానం వస్తుంది, అది వాళ్ళ తప్పు కాదు. బెంగళూరులో సైన్యం స్థలాలు, విమానాల ఫ్యాక్టరీ గోడలు అడుగడుగునా ఉంటాయి. అలాంటి చోట్లకి, రైల్వే స్టేషన్ల దగ్గరికి ఈ ఆట తీసుకెళ్ళకండి.

క్యాంపులో ఆడుకోవడానికి సొంతంగా మూడు డబ్బాలు తయారు చేశాం. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, జిప్ కవర్లో చిన్న నోటుపుస్తకం, పెన్సిలు. పెన్ను వద్దు, తేమకి సిరా అలుక్కుపోతుంది. గోళీలు, గాజులు, ఒక చన్నపట్న బొంగరం వేశాం. తినే వస్తువులు పెట్టకూడదు, చీమలూ కోతులూ డబ్బాని బతకనివ్వవు. గుంట తవ్వి పూడ్చకూడదు కూడా. రాళ్ళ మధ్యనో చెట్టు మొదట్లోనో పెట్టాలంతే.

ఇంత సిద్ధపడి శనివారం సాయంత్రం మాగడి వైపు ఒక చెరువు ఒడ్డున ఉన్న ఆ క్యాంపుకి చేరాం. ఫోటోల్లో చెట్ల కింద పచ్చిక ఉంది. అక్కడ జేసీబీతో చదును చేసిన ఎర్రమట్టి నేల. పద్నాలుగు టెంట్లు ఎంత దగ్గరగా వేశారంటే, మా టెంటు తాడు పక్కవాళ్ళ మేకుకే కట్టారు. అందరికీ కలిపి మరుగుదొడ్లు రెండు. ఒకదానికి గడియ లేదు, అత్తయ్య లోపలికి వెళితే నేను బయట తలుపు పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. ఆవిడకి అరవై ఎనిమిదేళ్ళు. పిల్లల సంతోషం చూడాలని వచ్చిన మనిషి.

చెరువు ఒడ్డున డబ్బాలు దాచుకుంటామని ముందే ఫోన్లో చెప్పి సరేననిపించుకున్నాను. తీరా వెళ్ళాక కంచె దాటొద్దన్నారు. దాటి చూసిన మా ఆయన తిరిగొచ్చి అసలు వద్దన్నారు. గట్టంతా సీసా పెంకులు. పెద్దది మూడు డబ్బాలూ ఒళ్ళో పెట్టుకుని టెంటు ముందు కూర్చుంది. ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

స్పీకర్ పాటలు పన్నెండున్నర దాకా మోగాయి. తగ్గించమని అడగడానికి వెళితే అక్కడున్న కుర్రాడు ‘శనివారం ఇలాగే ఉంటుంది, ఫ్యామిలీలు వారం మధ్యలో రావాలి’ అన్నాడు. బుకింగ్ తీసుకునేటప్పుడు ఇద్దరు పిల్లలు, ఒక పెద్దావిడ అని చెప్పినప్పుడు ఆ మాట అనలేదు. రెండు గంటలకి వాన. బెంగళూరులో మే నెలంటే సాయంత్రమో రాత్రో ఉరుములతో వాన ఎప్పుడైనా దిగుతుంది, క్యాంపు నడిపేవాళ్ళకి ఇది తెలియనిదా? ఆ టెంట్లకి పైన రెండో గుడ్డ లేదు. ఒంటి పొర టెంటుకి లోపలి నుంచి చెయ్యో వీపో ఆనిందంటే ఆనిన చోట నీళ్ళు దిగొచ్చు. చిన్నాడి వైపు కుట్టు దగ్గర మొదట ఒక చుక్క, తర్వాత ధార. అత్తయ్యని కార్లో పడుకోబెట్టి వచ్చాం. మా ఆయనకి కోపం వస్తే మాట్లాడరు, బూట్ల లేసులు విప్పి మళ్ళీ కట్టుకుంటూ కూర్చుంటారు. ఆ రాత్రి చీకట్లో అదే పని.

పిల్లలకి నిద్ర పట్టదు కాబట్టి ఈ ఆట ఎలా పుట్టిందో చెప్పాను. 2000 సంవత్సరం మే 2 దాకా అమెరికా ప్రభుత్వం మామూలు జనానికి అందే జీపీఎస్‌ని కావాలని మసకబరిచి ఉంచేది, వంద మీటర్ల దాకా తేడా చూపేది. ఆ రోజు ఆ అడ్డు తీసేశారు. మర్నాడే డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగాన్‌లో, పోర్ట్‌లాండ్ దగ్గరి అడవిలో ఒక బకెట్ పెట్టి, అది ఉన్న అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్లో రాశాడు. ఎంత ఖచ్చితంగా దొరుకుతుందో చూద్దామని. అందులో పుస్తకాలు, ఒక ఉండేలు, ఒక చిక్కుడు గింజల డబ్బా కూడా ఉన్నాయి. చిక్కుడు గింజలు ఎందుకమ్మా అని చిన్నాడు నవ్వడం మొదలుపెట్టాడు. ఆ క్యాంపులో మేం నవ్వింది అప్పుడే.

పొద్దున వానకి నీళ్ళు పెరిగాయని కయాక్‌లు తీయలేదు. మా 800 ఇచ్చెయ్యమంటే ‘కట్టిన డబ్బు రిటర్న్ ఉండదు’ అన్నారు. వాన మా తప్పా అని అడిగితే, మా తప్పా అన్నారు. రసీదు అడిగితే పుస్తకం అయిపోయిందన్నారు. ఉప్మా కూడా తినకుండా తొమ్మిదింటికల్లా బయటపడ్డాం.

ఇంటికి వెళ్ళిపోదామని అత్తయ్య. మా ఆయన మాత్రం సొంత టెంటు డిక్కీలోనే ఉంది కదా (నలుగురు పట్టేది, పైగుడ్డతో సహా 3,200కి కొన్నాం) అని కోలారు జిల్లా శ్రీనివాసపురం దగ్గర మామిడితోట ఉన్న తెలిసినాయనకి ఫోన్ చేశారు. ఆయన తోటలో టెంటు వేసుకోనిచ్చి, ఇంటి భోజనం పెడతారు. దారిలో అంతరగంగ దగ్గర ఆగి రాతి నంది నోటి నుంచి పడే నీళ్ళు చూసి, కోతుల నుంచి అరటిపళ్ళు కాపాడుకుని, కోలారు మీదుగా మధ్యాహ్నానికి చేరాం.

కోలారు జిల్లాలో తెలుగు ఎంత మాట్లాడతారో బెంగళూరులో ఉండే మనవాళ్ళకే సరిగా తెలియదు. తోట పెద్దాయన ‘రాండి రాండి, ఎండన పడి వచ్చినారు’ అని పిలిచేసరికి అత్తయ్య ముఖం విప్పారింది. ఆవిడ పుట్టిల్లు మదనపల్లె, ఆ యాస విని చాలా రోజులైంది. టెంటు మామిడి చెట్టు కింద వేయబోతుంటే ఆయన ఆపారు. ‘ఆడొద్దు తల్లీ, గాలికి రాత్రంతా కాయలు రాలతాయి. తలకాయ మీద పడితే ఏం చేస్తారు?’ అని పంపుషెడ్డు పక్కన చదునైన చోటు చూపించి, నేల మీది పుల్లలు తానే ఊడ్చి ఇచ్చారు. అత్తయ్యకి లోపల మంచం వేశారు. అడగకుండానే.

రాత్రికి రాగిముద్ద, బస్సారు, ఊరుబిండి పచ్చడి, మజ్జిగ. బస్సారు అంటే ఆకుకూర, పప్పు ఉడికించిన నీళ్ళని వంపి, దాంతోనే మసాలా నూరి చేసే పులుసు. ఉడికిన కూరా పప్పూ పక్కన తాళింపు. ఆయన భార్య ముద్దని నమలొద్దు, సారులో ముంచి మింగు అని చిన్నాడికి నేర్పారు. వాడు రెండు ముద్దలు తిన్నాడు. ఇంట్లో రాగి జావ గ్లాసు పెడితే పారిపోతాడు.

డబ్బాలు చివరికి అక్కడ బయటికొచ్చాయి. మొదటి ఆట తప్పింది, ఎందుకో చెబితే మీకు పనికొస్తుంది. ఫోను మ్యాపులో చోటు 13.336 డిగ్రీలని దశాంశాల్లో చూపిస్తుంది. జియోక్యాషింగ్ యాప్ డిగ్రీలు, నిమిషాలు వాడుతుంది. పెద్దది 13.336ని 13 డిగ్రీల 33.6 నిమిషాలని రాసిచ్చింది. నిజానికి అది 13 డిగ్రీల 20.16 నిమిషాలు. చుక్క తర్వాతి భాగాన్ని 60తో గుణించాలి. ఆ పొరపాటుతో ఉత్తరానికే పాతిక కిలోమీటర్ల తేడా వచ్చి, చిన్నాడి ఫోను తోట బయటికి దారి చూపించింది. సరిచేశాక ఎంత ముచ్చటగా పని చేసిందో! నిమిషంలో వెయ్యో వంతు అంటే 1.85 మీటర్లు, అంటే నిమిషాల్లో చుక్క తర్వాతి మూడో అంకె ఒకటి మారితే రెండడుగులు వేస్తే చాలు. చెట్ల గుబురులో ఫోను ఐదారు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. అప్పుడు ఫోను జేబులో పెట్టేసి, నేనైతే ఎక్కడ దాస్తాను అని ఆలోచించడమే. పిల్లలిద్దరూ చీకటి పడేదాకా ఆ తోటలో తిరుగుతూనే ఉన్నారు.

డబ్బు లెక్క: టెంటు చోటుకి 400, ఐదుగురికి రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ కలిపి 1,200. మొత్తం 1,600. పది కిలోల రసపూరి మామిడిపళ్ళు 600కి కొన్నాం, పైన ఇంకో రెండు కిలోలు బాదామి రకం ఆయనే వేశారు. తిరిగొస్తూ ముళబాగిలులో నెయ్యి దోసెలు తిని సాయంత్రానికి ఇల్లు చేరాం.

మీరు వెళ్ళేటట్టయితే అడ్వాన్సుకి ముందు వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి: ఎన్ని టెంట్లు, ఎన్ని మరుగుదొడ్లు, టెంటుకి పైగుడ్డ ఉందా, పాటలు ఎన్నింటికి ఆపుతారు, వాన వస్తే ఏది వాపసు ఇస్తారు. ఆ రోజు తీసిన ఫోటో పంపమనండి. ఫోన్లో చెబుతాం లెండి అన్నారంటే వదిలేయండి. శనివారం రాత్రి పిల్లలతో వద్దే వద్దు. బెంగళూరు చుట్టుపక్కల చాలా కొండలకి అటవీ శాఖ ఆన్‌లైన్ టికెట్ ఉండాలి, అది లేకుండా డబ్బా వెతకడానికని కొండ ఎక్కకండి. అడవిలో సొంతంగా డబ్బాలు దాచకండి.

తోటలో ఒక డబ్బా వదిలి వచ్చాం, పెద్దాయన అనుమతితో. యాప్‌లో పెట్టలేదు. దూరాన ఉన్నవాళ్ళు దాచి వెళ్ళిపోతే దాని బాగోగులు చూసేవాళ్ళుండరని నిర్వాహకులు అలాంటివి ఒప్పుకోరు, అది సబబే. ఇది మా రెండిళ్ళ మధ్య డబ్బా. జూన్ చివర్లో ఆయన ఫోన్ చేశారు. ‘డబ్బా భద్రంగా ఉండాది, వానకి తడవలేదు. మా మనవడు బొంగరం తీసుకొని, దాంట్లో వాని ఈలపీపీ పెట్టినాడు. పుస్తకంలో కన్నడలో పేరు రాసినాడు, పర్వాలేదా? నీలం కాయలు ఇంకా చెట్టునే ఉండాయి, రాండి’ అన్నారు. పెద్దది పక్కనుంచి ఫోను లాక్కుని, ఈల ఏ రంగుది తాతా అని అడుగుతోంది.