బార్సిలోనాలో ఫోన్ పోయాక: ఏది ఆదుకుంది, ఏది ముంచింది

సాంతా మరియా దెల్ మార్ చర్చి చూసి బయటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. 1329లో మొదలుపెట్టి 1383కల్లా కట్టేశారట. లోపలి చల్లదనం ఇంకా ఒంటికి అంటుకునే ఉంది. పక్క సందులో ఆరుబయట వేసిన టేబుల్ దగ్గర చెల్లీ నేనూ కాఫీకి కూర్చున్నాం. ఫోన్ బోర్లించి కప్పు పక్కన పెట్టాను.

ఒకమ్మాయి వచ్చి, అట్టకు క్లిప్పు పెట్టిన సంతకాల కాగితాన్ని నా ముందు పరిచింది. వద్దని చెయ్యి ఊపాను. ఆమె నవ్వి, అట్ట తీసుకుని వెళ్లిపోయింది. అట్ట కింద ఆమె రెండో చెయ్యి ఏం చేస్తోందో నాకు తట్టనేలేదు. రెండు గుక్కలు తాగాక చెల్లే అడిగింది, "అక్కా, నీ ఫోనేది?"

టేబుల్ మీద ఫోన్ లేదు. సందులో ఆ అమ్మాయీ లేదు.

వెంటనే సిమ్ బ్లాక్ చేయిద్దామంది చెల్లి. వద్దన్నాను. సిమ్ ఆగితే ఫోన్‌కి నెట్ పోతుంది, నెట్ పోతే మనం పంపే లాక్ దానికి చేరకపోవచ్చు. ముందు లాక్, తర్వాతే సిమ్. చెల్లి ఫోన్లో బ్రౌజర్ తెరిచి ఐక్లౌడ్ సైట్‌లో ఫోన్ వెతికే పేజీకి వెళ్లాను. నాది ఐఫోన్. ఆ ఒక్క పేజీకి మాత్రం పాస్‌వర్డ్ చాలు, పోయిన ఫోన్‌కే వచ్చే కోడ్ అడగదు. ఆ పాస్‌వర్డ్ నాకు నోటికి రావడం నా అదృష్టం. లాస్ట్ మోడ్ (పోయిన ఫోన్‌ని దూరం నుంచే లాక్ చేసేది) పెట్టి, తెర మీద కనపడేలా చెల్లి నంబర్ ఇచ్చాను. దాంతో యాపిల్ పేలో ఉన్న కార్డులు కూడా ఆగిపోతాయి. ఆండ్రాయిడ్ వాళ్లకైతే గూగుల్ రిమోట్ లాక్ ఉంది. ఫోన్ నంబర్ కొడితే తెర లాక్ అవుతుంది, కానీ బయలుదేరే ముందే దాన్ని సెట్టింగుల్లో ఆన్ చేసి ఉంచాలి.

మ్యాప్‌లో నా ఫోన్ చుక్క మేమున్న ఎల్ బోర్న్ పేట దాటి ఎల్ రవాల్ పేట వైపు కదులుతోంది. పరిగెడదామని లేచాం. కాఫీ తెచ్చిన అతను చెయ్యి అడ్డం పెట్టి, పోలీసుల దగ్గరికి వెళ్లండి, దాని వెనక మాత్రం వెళ్లొద్దన్నాడు. ఆ మాట విన్నందుకు ఇప్పటికీ మంచిదే అనుకుంటున్నాను. ఫోన్ కోసం ఊరు తెలియని చోట ఎవరి గుమ్మంలోకో వెళ్లడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

తర్వాత బ్యాంకులు. చెల్లి వేసుకున్న ట్రావెల్ ఇ-సిమ్‌లో డేటా ఉంది గానీ మామూలు కాల్స్ వెళ్లవు. ఈ సంగతి మాకు అప్పుడే తెలిసింది. ఎల్ రవాల్‌లో లొకుటోరియోలని ఉంటాయి: విదేశాలకు ఫోన్ చేసుకునే బూత్‌లు, నెట్, ప్రింటింగ్ అన్నీ ఒకే కొట్లో. అక్కడి నుంచే రెండు బ్యాంకులకూ చేశాను. ఒకరు నాలుగు ప్రశ్నలడిగి కార్డు ఆపేశారు. రెండోవాళ్లు, బ్లాక్ చెయ్యాలంటే మీ రిజిస్టర్డ్ నంబర్‌కి వచ్చిన ఓటీపీ చెప్పండి అన్నారు! ఆ నంబర్ ఉన్న ఫోనే కదా పోయింది, అని మూడుసార్లు చెప్పాక పైవాళ్లకు కలిపారు. ఆ పావుగంట టెన్షన్ ఇంకెవరికీ రాకూడదు. సిమ్ కంపెనీకి చివర్లో చేశాను.

పోలీస్ ఫిర్యాదు ఇవ్వడానికి నౌ దె లా రాంబ్లా వీధిలోని మోసోస్ స్టేషన్‌కు వెళ్లాం. మోసోస్ అంటే కాటలోనియా పోలీసులు. పాస్‌పోర్ట్ చూపించాలి. మాకు ఇంగ్లీషు వచ్చిన ఆఫీసర్ దొరికాడు. ఐఎంఇఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబర్, అడిగాడు. ఆ 15 అంకెలు ఫోన్ కొన్న పెట్టె మీద ఉంటాయి కాబట్టి, అమ్మకు మెసేజ్ పెట్టి ఫోటో తెప్పించుకున్నాం. స్పెయిన్‌లో దొంగతనానికి రెండు పేర్లున్నాయి: బలప్రయోగం, బెదిరింపు లేకుండా తీసుకుపోతే 'హుర్తో', అవి ఉంటే 'రోబో'. ఇన్సూరెన్స్ కట్టిన చాలామందికి ఈ ఒక్క మాట దగ్గరే తేడా వస్తుంది. నాది హుర్తో. మా పాలసీలో 24 గంటల్లోపు ఫిర్యాదు ఇవ్వాలని ఉంది కాబట్టి అదే రోజు కాగితం చేతికి రావడం ముఖ్యం. ఫోన్ దొరుకుతుందన్న ఆశ ఆఫీసర్ పెట్టలేదు, మేమూ పెట్టుకోలేదు.

అసలు దెబ్బ రాత్రి తగిలింది. మేం దిగింది ఎషాంప్ల ప్రాంతంలో ఒక అపార్ట్‌మెంట్. శుభ్రంగా ఉంది, బాల్కనీ బాగుంది, ఫోటోల్లో చూపించినట్టే ఉంది. కానీ తలుపుకు తాళంచెవి లేదు, యాప్‌తోనే తెరుచుకుంటుంది. ఆ యాప్ నా ఫోన్లో ఒక్కదాన్లోనే ఉంది. ఇంటివాళ్ల నంబర్‌కి ఎన్ని మెసేజ్‌లు పెట్టినా జవాబు లేదు. మెట్ల మీద గంటన్నర కూర్చున్నాం. మెట్ల లైటు నిమిషానికోసారి దానంతటదే ఆరిపోయేది, చెల్లి లేచి మళ్లీ స్విచ్ నొక్కేది. చివరికి ఎవరో దూరం నుంచే తలుపు తెరిచారు.

మర్నాడే ఖాళీ చేసి, ఉర్కినావోనా మెట్రో దగ్గర రాత్రంతా రిసెప్షన్ ఉండే చిన్న హోటల్‌కు మారాం. గది సగం, అద్దె ఎక్కువ. అయినా డెస్క్ వెనక ఒక మనిషి ఉన్నాడు. ఫిర్యాదు కాపీలు ప్రింట్ తీసిచ్చాడు, ఇన్సూరెన్స్ వాళ్లకు స్కాన్ చేసి పంపాడు, మిగిలిన టికెట్లన్నీ కాగితం మీదికి ఎక్కించాడు. ఇకపై విదేశంలో గది తీసుకునేటప్పుడు నేను మొదట చూసేది ఆ డెస్కే.

ప్లాసా దె కతలూన్యాలో పెద్ద ఎలక్ట్రానిక్స్ షోరూమ్‌కు వెళ్లి కొత్త ఫోన్ చేతిలో పట్టుకుని మరీ వెనక్కి పెట్టేశాను. అక్కడ సిమ్ పాస్‌పోర్ట్ చూపిస్తే ఇస్తారు, కానీ నా పాత నంబర్ రాదు కదా. వాట్సాప్‌కూ మెయిల్‌కూ బ్యాంకుకూ ఆ నంబరే కావాలి. ఇంకో మూడు రోజులే మిగిలాయి, తోడుగా చెల్లి ఫోన్ ఉంది. ఒంటరిగా వెళ్లినవాళ్లయితే మాత్రం కొనాల్సిందే అంటాను.

సగ్రాదా ఫమీలియా చర్చి టికెట్లు ముందే చెల్లికి కూడా పంపి ఉంచాను కాబట్టి చూడగలిగాం. పార్క్ గుయెల్ టికెట్లు నా మెయిల్‌లో ఉండిపోయాయి. మెయిల్ తెరవబోతే, మీ ఫోన్లో 'అవును' నొక్కండి అంటుంది. ఆ పార్క్ వదులుకున్నాం.

మూడో రోజు సాయంత్రం చెల్లి నంబర్‌కి మెసేజ్ వచ్చింది: మీ ఐఫోన్ దొరికింది, ఎక్కడుందో చూడటానికి ఈ లింక్ నొక్కండి అని. చూడటానికి అచ్చం యాపిల్ పంపినట్టే ఉంది. "అక్కా, దొరికింది!" అంటూ చెల్లి నొక్కేసింది కూడా. యాపిల్ ఐడీ, పాస్‌వర్డ్ అడిగే పేజీ తెరుచుకుంది. పైన అడ్రస్ చూస్తే యాపిల్‌ది కాదు. పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే నా అకౌంట్‌లోంచి ఆ ఫోన్‌ని తీసేసి, తుడిచి అమ్ముకునేవాళ్లు. మనం తెర మీద పెట్టిన నంబరే వాళ్లకు దారి చూపిస్తుందని అప్పుడర్థమైంది.

ఆ ఫోన్ ఇప్పటికీ నా అకౌంట్ లిస్టులో ఉంది, ఆఫ్‌లైన్ అని చూపిస్తుంది. ఇన్సూరెన్స్ వాళ్లతో ఉత్తరాలు నడుస్తూనే ఉన్నాయి. దాన్ని లిస్టులోంచి మాత్రం తీసేయను. తీసేసిన రోజు, నా పాస్‌వర్డ్ లేకుండా ఆ ఫోన్‌ని ఇంకెవరూ వాడుకోకుండా ఆపే యాక్టివేషన్ లాక్ విడిపోతుంది.