ఏడిపించే ప్రేమకథలు: మందుల షాపులో కూర్చుని చదివిన పాఠకురాలి సమీక్ష

ఎమోషనల్ రొమాన్స్ అని పేరు పెట్టుకుని వచ్చే నవలలు నేను ఏళ్ల తరబడి చదువుతున్నాను. డబ్బులు పెట్టి కొనుక్కుని మరీ చదువుతున్నాను. బాగుంటాయా అని అడిగేవాళ్లకు ముందే చెప్పేస్తా: కొన్ని చాలా బాగుంటాయి, చాలావరకు టైంపాస్, కొన్నిటికి మాత్రం తలనొప్పి మాత్ర దగ్గర పెట్టుకోవాలి. మాత్రలకు నాకు కొదవ లేదు. తిరుపతిలో అలిపిరి రోడ్డు వైపు, ఆసుపత్రులకు దగ్గరలో మాకు మందుల షాపు ఉంది. మా ఆయన పగలు, నేను సాయంత్రం నుంచి రాత్రి దాకా. తొమ్మిది దాటాక రద్దీ తగ్గుతుంది. ఆ తర్వాత వచ్చేది ఎమర్జెన్సీ చీటీ పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాళ్లు, అలిపిరి మెట్లెక్కి దిగి మోకాళ్ల నొప్పికి స్ప్రే అడిగే యాత్రికులు. మధ్యలో ఖాళీ దొరికితే నవల.

ఈ నవలల్లో నాకు మొదటి సుఖం ఏమిటంటే చివర ఏమవుతుందో ముందే తెలియడం. అమెరికాలో రొమాన్స్ రచయితల సంఘం ఈ రకం నవలకు రెండే షరతులు పెట్టింది: కథకు కేంద్రం ప్రేమ కావాలి, ముగింపు మనసుకు తృప్తినిచ్చేలా, ఆశ మిగిల్చేలా ఉండాలి. చివర్లో కలుస్తారని తెలిశాక ఇంకేముంది చదవడానికి అని మా ఆయన వాదన. నాకు సరిగ్గా అందుకే కావాలి. కౌంటర్‌కి ఇవతల కూర్చుంటే అవతల నిలబడ్డవాళ్ల కథ ఎటు తిరుగుతుందో తెలియదు. నిన్న ఇంజెక్షన్లు కొన్న మనిషి ఇవాళ వాడనివి తిరిగిచ్చేస్తానని వస్తే, ఎందుకని అడగలేం. పుస్తకంలో ఆ భయం లేదు. ఒడ్డు ఉందని తెలుసు కాబట్టి ధైర్యంగా దిగి ఏడ్వొచ్చు.

అమ్మ కాలంలో ఇది వేరేగా ఉండేది. చిత్తూరులో అద్దె పుస్తకాల షాపు నుంచి నవలలు తెచ్చుకునేది, వీక్లీల్లో సీరియళ్లు చింపి, కుట్టి దాచుకునేది. వాటిలో హీరోకి పెద్ద కారు, హీరోయిన్‌కి పెద్ద ఆత్మాభిమానం. మధ్యలో అపార్థం. కాలేజీలో నాకు మిల్స్ అండ్ బూన్ అలవాటైంది. 1908లో లండన్‌లో మొదలైన ఆ కంపెనీ మొదట్లో అన్ని రకాల పుస్తకాలూ వేసేదట, ప్రేమకథలకే పరిమితమైంది తర్వాత. పొడుగ్గా, కోపంగా ఉండే హీరోలతో అదొక లోకం. ఇప్పటి కాంటెంపరరీ రొమాన్స్ ఈ రెండింటికీ భిన్నం. హీరోయిన్‌కి ఈఎంఐ ఉంటుంది, మొదటి పెళ్లి విడాకులై ఉంటుంది, పిల్లాడు ఉంటాడు, తండ్రికి డయాలసిస్ ఉంటుంది. ప్రేమ వీటన్నిటి మధ్యలోంచి దారి చేసుకుని రావాలి. అందుకే దీన్ని ఎమోషనల్ అంటున్నారు.

అసలు పేచీ ఇక్కడే. కన్నీళ్లు తెప్పించడానికి చాలామంది రచయితలకు దొరికే దగ్గరి దారి జబ్బు. నేను డి.ఫార్మసీ చదివినదాన్ని. కథలోకి జబ్బు రాగానే నాలో పాఠకురాలు పక్కకు జరిగి, లైసెన్స్ ఉన్న మనిషి వచ్చి కూర్చుంటుంది.

బ్లడ్ క్యాన్సర్‌నే తీసుకోండి. నవలల్లో దానికి ఒకటే లక్షణం: దగ్గు, రుమాలు మీద రక్తం. ఒకటే గడువు: మూడు నెలలు. నిజానికి బ్లడ్ క్యాన్సర్ ఒక జబ్బు కాదు, చాలా రకాలు. అందులో సీఎంఎల్ అనే రకానికి ఇమాటినిబ్ అనే మాత్రను 2001లో అమెరికాలో అనుమతించారు. ఆ తర్వాత ఆ జబ్బు కథే మారిపోయింది. రోజూ మాత్ర వేసుకుంటూ, ఎప్పటికప్పుడు రక్తపరీక్షలు చేయించుకుంటూ, ఉద్యోగాలు చేసుకుంటూ ఏళ్లకేళ్లు బతుకుతున్నవాళ్లు ఎందరో. కొత్త నవలలోనూ హీరోయిన్‌ని అదే జబ్బుతో ఇంటర్వెల్ నాటికి మంచాన పడేస్తే నాకు ఏడుపు రాదు, విసుగొస్తుంది. పైగా అసలు కథ ఈ మాత్రలోనే ఉంది కదా. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు ఆ విషయం చెప్పాలా వద్దా? స్ట్రిప్పులు ఏ డబ్బాలో దాస్తుంది? ఆ మందు వాడుతూ గర్భం దాల్చకూడదంటారు, మరి పిల్లలు కావాలనుకున్నప్పుడు డాక్టర్ దగ్గర కూర్చుని మొగుడూ పెళ్లాలు ఏం మాట్లాడుకుంటారు? చావు కన్నా ఇవి బరువైన సీన్లు. ఇలాంటివి రాసేవాళ్లు తక్కువ.

డిప్రెషన్ విషయంలో ఇంకా ఘోరం. ఒక నవలలో హీరో హీరోయిన్ బ్యాగులోంచి మాత్రలు తీసి, "నీకు ఇవి అక్కర్లేదు, నేనున్నాను" అని డ్రైనేజీలో పారేస్తాడు. కింద కామెంట్ల నిండా ఎర్ర గుండెలు. నేను అక్కడితో ఆపేశాను. ఆ మందులు పని మొదలుపెట్టడానికే రెండు మూడు వారాలు పడుతుంది, పూర్తి గుణం కనిపించడానికి ఇంకా ఎక్కువ. ఉన్నట్టుండి ఆపితే తలతిరుగుడు, నిద్ర పట్టకపోవడం, కంగారు, నానా అవస్థలు. నెలనెలా చీటీ పట్టుకొచ్చి, చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు గొంతు తగ్గించి అడిగే అమ్మాయిలను చూస్తుంటాం. అలాంటి అమ్మాయి ఈ సీన్ చదివితే ఏమనుకోవాలి? ప్రేమించేవాడైతే మాత్రలు పారేసి ఉండేవాడనా? అదే చోట హీరో, "అయిపోవచ్చాయి, ఈ నెలవి తెచ్చావా?" అని అడిగితే నేను మొత్తం సిరీస్ కొనేదాన్ని.

గతం మర్చిపోవడాలు, కోమాలోంచి లేచి నేరుగా డైలాగు చెప్పడాల జోలికి నేను పోను. అవి సరదాగా తీసుకోవాల్సినవి.

బాగున్నదాని గురించి చెప్పాలంటే నాకు వెంటనే గుర్తొచ్చేది థైరాయిడ్ మాత్ర. అదేం పెద్ద జబ్బుకు మందు కాదు, మా షాపులో రోజూ అమ్ముడుపోయేదే. ఒక నవలలో, విడిపోయి చాలా కాలమైన మొగుడూ పెళ్లాలు బంధువుల పెళ్లిలో ఒకే ఇంట్లో దిగుతారు. పొద్దున్నే ఎవరో ఆమెకు కాఫీ తెచ్చిస్తారు. అటుగా పోతున్న అతను ఆగకుండానే, "ఆమెకు అరగంట ఆగి ఇవ్వండి" అంటాడు. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుని కనీసం అరగంట దాకా కాఫీ, టిఫిన్ ముట్టుకోకూడదు. అంతే సీన్. ఇంకేం జరగదు. రచయిత్రి దాని మీద ఒక్క వాక్యం వ్యాఖ్యానం కూడా చేయలేదు. నేను కౌంటర్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. షాపులో పనిచేసే పిల్లోడు, "ఏందక్కా, మళ్లీ ఏడస్తా ఉండావా? ఈసారి ఎవరు పోయినారు?" అని అడిగాడు. ఎవరూ పోలేదు. అందుకే ఏడ్చాను.

ఇన్నేళ్ల చదువులో నాకు పట్టుబడింది ఇదే. దుఃఖం ఎంత పెద్దదన్నది లెక్క కాదు, ఆ ఇద్దరికీ అది ఎంత సొంతమైనదన్నది లెక్క. ఒక్క ఫోన్ కాల్‌తో తేలిపోయే అపార్థాన్ని రెండొందల పేజీలు సాగదీస్తే అది ఎమోషన్ కాదు. ఇద్దరూ కూర్చుని మనసు విప్పి మాట్లాడుకున్నాక కూడా తేలని సమస్య కావాలి. అతనికి ముసలి తల్లిదండ్రులను వదిలి రావడం కుదరదు, ఆమెకు వచ్చిన ఉద్యోగం వదులుకోవడం కుదరదు. ఇద్దరిదీ తప్పు లేదు. అలాంటి చోట పుట్టే బాధకు విలువ.

క్షమాపణల దగ్గర కూడా నేను పట్టుగా ఉంటాను. ఈ మధ్య నవలల్లో హీరో బాగా కాళ్లావేళ్లా పడాలని పాఠకులు అడిగి మరీ రాయించుకుంటున్నారు. పడితే పడనీండి, నాకూ ఇష్టమే. కానీ వానలో నిలబడటం, చెయ్యి కోసుకోవడం క్షమాపణ కాదు, బెదిరింపు. తాను చేసిందేమిటో పేరు పెట్టి చెప్పి, ఆమె కాదంటే వెనక్కి వెళ్లగలిగినవాడే నాకు హీరో. వద్దన్నా వెంటపడటాన్ని, చెప్పకుండా తాళి కట్టడాన్ని ప్రేమగా రాసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ తాళి సీన్ సగం నవలల్లో మా ఊళ్లోనే పెడతారు, అదింకో తమాషా. హీరో ఆమె చెయ్యి పట్టుకుని తిరుమల గుడి ముందుకు లాక్కెళ్తాడు, జేబులోంచి తాళి తీస్తాడు, గంటలు మోగుతాయి. అయ్యా, కొండ మీద కల్యాణ వేదికలో పెళ్లంటే ముందే బుక్ చేసుకోవాలి, ఆధార్ చూపించాలి, వయసుకు రుజువు చూపించాలి. దర్శనం కూడా రెండు వాక్యాల్లో అయిపోతుంది వాళ్లకి. మూడొందల టికెట్ తీసుకున్నవాళ్లకే కంపార్ట్‌మెంట్లలో గంటలు పడుతుంటే. నిజంగా ఆ క్యూలో ఇద్దరిని నిలబెట్టి రాస్తే ఎంత మంచి ప్రేమకథ అవుతుంది! ఎటూ పోవడానికి లేదు, ఫోన్ లేదు, పక్కన ఎవరి బామ్మో నిద్రపోతుంటుంది. మాట్లాడుకోక తప్పదు.

ఎందులో చదవాలన్నది చాలామంది అడుగుతారు కాబట్టి నా అనుభవం చెప్తాను. ఫోన్‌లో సీరియల్ యాప్‌లు సులువు. తెలుగులో కొత్తగా రాసే ఆడవాళ్లు ఎక్కువగా అక్కడే దొరుకుతారు, వాళ్ల రాతలో ఇంటి వాసన ఉంటుంది. కానీ సీరియల్ అనేసరికి ప్రతి ఎపిసోడ్ చివర ఒక టెన్షన్ పెట్టాలి. కథకు అవసరం లేకపోయినా తలుపు చప్పుడవుతుంది, ఎవరో "ఆగండి!" అంటారు. నేను వాడిన ఒక యాప్‌లో తర్వాతి ఎపిసోడ్‌కి లాక్ వేసి కాయిన్లు అడిగేవాళ్లు, రేపటి దాకా ఆగితే ఉచితం. ఆగలేం కదా. అలా కొనుక్కుంటూ పోతే ఒక్క కథకు అయిన ఖర్చుతో అచ్చు పుస్తకాలు రెండు వచ్చేవి. పైగా రచయిత్రి మధ్యలో రాయడం మానేసి వెళ్లిపోయింది. హీరో ఇంకా ఎయిర్‌పోర్ట్‌లోనే ఉన్నాడు.

అప్పటి నుంచి పూర్తయిన కథలే మొదలుపెడతాను. కళ్లకు హాయిగా ఉండేది మాత్రం పుస్తకాలు చదవడానికే చేసిన ఈ-ఇంక్ రీడర్. తెర మెరవదు, చార్జింగ్ రోజూ పెట్టక్కర్లేదు, షాపు ట్యూబ్‌లైట్ కింద కాగితం చదివినట్టే ఉంటుంది. ఇంగ్లీషు నవలలకు దాన్ని మించింది లేదు. తెలుగుతోనే చిక్కు. పీడీఎఫ్ అయితే అక్షరాలు పెద్దవి చేసిన ప్రతిసారీ పేజీని అటూ ఇటూ జరుపుకోవాలి. కొన్ని ఫైళ్లలో ఒత్తులు విడిపోయి పక్కకొచ్చి కూర్చుంటాయి. హీరో గుండె బద్దలయ్యే చోట ఒత్తు విరిగిపోతే రసం పోతుంది. కొనేముందు శాంపిల్ పేజీలు తెరిచి చూసుకోండి. ఆడియో నాకు పడలేదు. ఏడుపు సీన్లు చదివే గొంతు నాకన్నా ముందే ఏడ్చేస్తుంది.

ఈ మధ్య కొందరు రచయితలు మొదటి పేజీలోనే హెచ్చరిక ఇస్తున్నారు: కథలో గర్భస్రావం ఉంది, ఆత్మహత్య ప్రస్తావన ఉంది అని. మంచి అలవాటు. కథ ముందే తెలిసిపోతుందని కొందరికి కోపం. నేను మాత్రం ఆ పేజీ చూశాకే మా ఆడపడుచుకు పుస్తకం ఇస్తాను. వాళ్లింట్లో ఈ ఏడు ఒకరు పోయారు, ఆమెకు ఇప్పుడు నవ్వించే ప్రేమకథలే ఇస్తున్నాను. ఎమోషనల్ రకం అందరికీ అన్ని వేళలా పడేది కాదు.

నాకు మిగిలిన పెద్ద అసంతృప్తి వేరు. ఈ నవలల్లో ప్రేమించుకునేవాళ్లందరూ గచ్చిబౌలిలోనే ఉంటారు, లేకపోతే అమెరికాలో. మా వైపు మనుషులు కథలోకి వస్తే సుమోల్లో వస్తారు, కత్తులతో వస్తారు. మా యాస వస్తే పనిమనిషి నోట్లోనో, నవ్వించడానికి పెట్టిన బాబాయి నోట్లోనో వస్తుంది. "నువ్వంటే నాకు ఇష్టం ఉండాది" అని ఒక హీరో సీరియస్‌గా అని, ఎవరూ నవ్వకుండా హీరోయిన్ కళ్లు దించుకున్న నవల నేను ఇంతవరకు చదవలేదు. ప్రేమలకు మా దగ్గర చోటు లేదా? పద్మావతి యూనివర్సిటీ హాస్టల్లో ఉండి చదువుకునే మదనపల్లె అమ్మాయి ఉంది. చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజన్‌కి మాత్రమే పని దొరికే అబ్బాయి ఉన్నాడు, మిగతా నెలలు ఏం చేస్తాడన్నదే ఆమె తండ్రి అడిగే ప్రశ్న. పాకాల మీదుగా కాట్పాడి పోయే ప్యాసింజర్ రైలుంది. ఇద్దరి మధ్య కులం ఉంది, తోతాపురి ధర పడిపోయిన ఏడాది ఉంది. మాట్లాడుకుంటే తేలిపోయే సమస్యలు కావివి. ఎవరైనా రాయండి, ఎపిసోడ్‌కి ఎపిసోడ్‌కి లాక్ వేసినా కాయిన్లు పెట్టి చదువుతా.